మత్తడి పైన, తూము కింద: పెరట్లో వాన డ్రమ్ములు కలపడం ఎలా?

ప్రశ్న: మాది కాజీపేట. ఏడాది క్రితం డాలస్ దగ్గరికి వచ్చాం. పెరట్లో బెండ, గోంగూర, వంగ వేశాం. వేసవిలో నీటి బిల్లు చూశాక చూరు నీళ్లు పట్టుకుందామని 55 గ్యాలన్ల డ్రమ్ములు మూడు కొన్నాం. మూడింటినీ కలపడం దగ్గర ఆగిపోయాం. అడుగున పైపు వేసి కలపాలని మావారు అంటున్నారు. పైన కలపమని మా నాన్నగారు ఫోనులో చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్న అందేసరికి నేను హనుమకొండలో మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. రెండు రోజులుగా ముసురు. నిన్న సాయంత్రం కాస్త తెరిపి ఇస్తే వడ్డేపల్లి చెరువు కట్ట దాకా నడిచి వెళ్లాను. మీ నాన్నగారు ఆ మాట ఎందుకు అన్నారో అక్కడ నిలబడితే తెలుస్తుంది. మన వైపు పెరిగినవాళ్లకు నీళ్లు నిలవ చేయడమంటే గొలుసుకట్టు చెరువులే గుర్తుకొస్తాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి, అది నిండితే ఇంకో దానికి. కాకతీయుల కాలం నుంచి మన నేల బతికింది ఈ పద్ధతి మీదే. పైన కలపమనడంలో ఆయన చెప్పింది మత్తడి గురించి, అంటే నిండాక నీళ్లు పొర్లిపోయే దారి. మీవారు చెప్పేది తూము గురించి, అంటే అడుగు నుంచి నీళ్లు వదిలే దారి. చెరువుకు రెండూ ఉంటాయి, మీ డ్రమ్ములకూ రెండూ కావాలి.

ముందు ఒక్క పని చేయండి. డ్రమ్ములు పెట్టే చోట నేల మట్టం చూడండి. నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. అడుగున కలిపిన డ్రమ్ముల్లో నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టానికి వస్తాయి. మూడో డ్రమ్ము 4 అంగుళాలు పల్లంలో ఉందనుకోండి. అది ముందుగా నిండి పొర్లిపోతుంది, మిగతా రెండింటిలో పై 4 అంగుళాలు ఎన్నటికీ నిండవు. అందుకని నేల వాలుగా ఉంటే మీ నాన్నగారి మాటే వినండి. ఎత్తులో ఉన్న డ్రమ్ము మెడ దగ్గరి నుంచి దాని కిందిదానికి గొట్టం వేసి, ఒక్కోదానికి విడిగా కుళాయి పెట్టుకోండి. నేల చదునుగా ఉంటే, లేదా చదును చేసుకోగలిగితే, అడుగునా పైనా రెండు చోట్లా కలపండి.

నేను డాలస్ వైపు వెళ్లిన తొలి ఏడు అడుగున మాత్రమే కలిపాను, అదీ తోటకు నీళ్లు పట్టే సన్నని గొట్టంతో. మే నెలలో ఒక రాత్రి ఉరుములతో కుండపోత కురిసింది. తెల్లవారి చూస్తే మొదటి డ్రమ్ము పొర్లి గోడ పక్కన మడుగు కట్టింది, మూడోది సగం కూడా నిండలేదు. లెక్క వేసుకున్నాక తప్పు తెలిసింది. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద ఒక అంగుళం వాన పడితే దాదాపు 620 గ్యాలన్లు వస్తాయి. గోడ వెంట దిగే ఒక గొట్టానికి 500 చదరపు అడుగుల కప్పు నీళ్లు వస్తున్నాయనుకుంటే, మీ మూడు డ్రమ్ములూ నిండడానికి అర అంగుళం పైచిలుకు వాన సరిపోతుంది. గంటకు 2 అంగుళాల జోరుతో కురిస్తే నిమిషానికి 40 లీటర్ల దాకా వచ్చి పడతాయి. సన్నని గొట్టం అంత నీటిని పక్క డ్రమ్ముకు పంపలేదు. గొట్టం వ్యాసం రెట్టింపైతే నీళ్లు పోయే దారి నాలుగింతలవుతుంది. అర అంగుళం గొట్టానికి బదులు 2 అంగుళాలది వేస్తే పదహారింతలు.

కాబట్టి డ్రమ్ముల మెడల దగ్గర 2 అంగుళాల గొట్టాలు ఉండాలి. చివరి డ్రమ్ముకు బయటికి పోయే దారి కూడా అంతే వెడల్పు ఉండాలి. ఆ నీళ్లను గోడకు కనీసం పది అడుగుల దూరం తీసుకెళ్లి వదలండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. డాలస్ చుట్టుపక్కల చాలా చోట్ల ఉన్నది మన పత్తి చేల నల్లరేగడి లాంటి బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిచ్చి కుంగుతుంది. ఇళ్లు నేల మీద పరిచిన కాంక్రీటు పలక మీద నిలబడి ఉంటాయి. ఒక మూల మాత్రమే పదేపదే నానితే గోడలు పగుళ్లు ఇస్తాయి. 2023 జులైలో హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు ఇక్కడివాళ్లు పడిన అవస్థ మీరు వినే ఉంటారు. పోయే దారి లేని నీళ్లు ఇంట్లోకే వస్తాయి.

ఇక తూము. ప్రతి రెండు డ్రమ్ముల మధ్య అడుగున ఒక అంగుళం గొట్టం, దానికి ఒక బాల్ వాల్వు. వాల్వు లేకుండా కలిపితే ఎక్కడో ఒక వాషర్ కారినా రాత్రికి రాత్రి మూడూ ఖాళీ అవుతాయి. రంధ్రం అట్టడుగున పెట్టకండి, 3 అంగుళాలు పైకి పెట్టండి. కప్పు మీది దుమ్ము, ఆకుల నలుసు అడుగున పూడికలా చేరతాయి, ఏడాదికోసారి డ్రమ్ము వంచి కడిగితే చాలు. మన ప్లంబర్లు ట్యాంక్ నిప్పల్ అనే దాన్ని అక్కడి దుకాణాల్లో బల్క్‌హెడ్ ఫిట్టింగ్ అని అడగాలి. ఒక అంగుళం ఫిట్టింగ్‌కు ఒక అంగుళం రంధ్రం సరిపోదు, దాని మర బయటి కొలత కొలిచాకే డ్రిల్లు పట్టుకోండి. మూత విడిరాని డ్రమ్ములైతే లోపలికి చెయ్యి పెట్టి నట్టు బిగించడం కుదరదు. వాటికి యూనిసీల్ అనే రబ్బరు బిగింపు మేలు. డ్రమ్ముల మధ్య గొట్టం కాస్త వంగేదిగా ఉండాలి, ఎందుకంటే నిండినప్పుడు నేల ఎంతో కొంత కుంగుతుంది, బిర్రుగా ఉన్న పైపు కీలు దగ్గర చిట్లుతుంది. ఒక్కో డ్రమ్ములో 200 కిలోలకు పైగా నీళ్లు ఉంటాయని మరిచిపోకండి. కింద కంకర దిమ్మిస కొట్టి, దాని మీద కాంక్రీటు దిమ్మెలు పేర్చండి. చిన్నపిల్లలున్న ఇంట్లో డ్రమ్ము ఊగకూడదు, మూతలు ఊడిరాకూడదు.

దిమ్మెలు ఎంత ఎత్తుంటే కుళాయిలో అంత జోరు. అయినా అడుగు ఎత్తుకు చదరపు అంగుళానికి అర పౌండు ఒత్తిడి కూడా రాదు. పీడనం అవసరమయ్యే డ్రిప్పు పరికరాలు కొని డబ్బు పోగొట్టుకోకండి. బిందెతోనో, పాదులోకి వదిలిన మామూలు గొట్టంతోనో పోస్తే చాలు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవున్న మడికి వారానికి అంగుళం తడి ఇవ్వాలంటే 20 గ్యాలన్లు పడతాయి. అలాంటి మళ్లు రెండుంటే మీ డ్రమ్ములు నాలుగు వారాలు ఆదుకుంటాయి. డాలస్‌లో ఏడాదికి కురిసేది 37 అంగుళాల చిల్లర, వరంగల్‌కు దాదాపు దగ్గరే. కానీ మనకు మృగశిర నుంచి వరసగా కురిస్తే, అక్కడ వసంతంలోనూ అక్టోబరులోనూ ఎక్కువ కురిసి, మండే జులై, ఆగస్టుల్లో ముఖం చాటేస్తుంది. జూన్ మొదటికి డ్రమ్ములు నిండుగా ఉంచుకోవడమే అసలు పని. కరివేపాకు మొక్క ఉంటే మొదటి వాటా దానికివ్వండి. అక్కడి కుళాయి నీళ్ల క్షారానికి దాని ఆకులు పాలిపోతాయి, వాన నీళ్లతో మా మొక్క కోలుకుంది.

ఈ నీళ్లు తాగడానికి పనికిరావు. కప్పు పెంకుల తారు, పక్షుల రెట్టలు కలుస్తాయి. తోటకూర, కొత్తిమీర ఆకుల మీద చల్లకుండా మొక్కల మొదళ్లలో పోయండి, కోశాక కుళాయి నీళ్లతో కడగండి. డ్రమ్ములు పాతవైతే లోపల అంతకుముందు ఏముండేదో అడగండి. తినే వస్తువులు ఉంచినవి తప్ప మరేవీ వద్దు.

గాలి పోయే రంధ్రం ప్రతి డ్రమ్ముకూ ఉండాలి, లేకపోతే నీళ్లు కదలవు. ఆ రంధ్రానికీ, పొర్లు గొట్టం మూతికీ సన్నని దోమల జాలి కట్టండి. వేసవిలో దోమ గుడ్డు పది రోజుల్లోపే దోమ అవుతుంది. 2012లో డాలస్ కౌంటీలో వెస్ట్ నైల్ జ్వరం ప్రబలిన సంగతి అక్కడి పాతకాపులకు ఇంకా గుర్తుంది. జాలి ఎక్కడైనా చిరిగిందని అనుమానం వస్తే దోమ పిల్లపురుగులను చంపే బీటీఐ బిళ్ల ఒకటి వేయండి, మొక్కలకు హాని లేదు.

మీ కాలనీ సంఘం అడ్డు చెబుతుందని భయపడకండి. టెక్సస్ చట్టం ప్రకారం వాన డ్రమ్ములను సంఘం పూర్తిగా నిషేధించడానికి వీల్లేదు. రంగు ఇంటికి నప్పాలని, ఇంటి ముందు వీధి వైపు పెట్టవద్దని మాత్రం అనగలదు, కాబట్టి పెరటి వైపే పెట్టండి. మీ బంధువులు ఎవరైనా కొలరాడోలో ఉంటే ఈ సలహా యథాతథంగా పంపకండి. అక్కడ 2016 చట్టం ఇళ్లకు రెండే డ్రమ్ములను, మొత్తం 110 గ్యాలన్లనే అనుమతిస్తుంది.

గడ్డకట్టే చలి కబురు వినగానే వాల్వులు తెరిచి నీళ్లు వదిలేయండి, గోడ గొట్టాన్ని పాత దారికి మళ్లించండి. నీరు మంచైతే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. 2021 ఫిబ్రవరిలో మా వీధిలో డ్రమ్ముల కంటే ముందు వాల్వులే పగిలాయి.

నేను సెప్టెంబరు చివర డాలస్ వైపు తిరిగి వస్తున్నాను, అంటే అక్టోబరు వానలకు ముందే. రంధ్రాలు చేసే హోల్ సా కొనకండి, నా దగ్గర మూడు సైజులు ఉన్నాయి. ఈలోగా నేల మట్టం చూసి, కంకర పోయించి ఉంచండి.