ట్రోల్స్ సంగతి సరే, అన్నాల దగ్గర మాట సంగతేంటి?

ప్రశ్న: యూట్యూబ్‌లో వంటల ఛానెల్ నడుపుతున్నాను. నా ఒళ్లు మీద, యాస మీద నానా మాటలూ రాస్తున్నారు. రాత్రి ఒంటిగంట దాకా అందరికీ ‘గారు’ అంటూ ఓపిగ్గా జవాబిస్తాను. అయినా ఆగట్లేదు. మా ఆయన ఆ కామెంట్లే రాత్రి అన్నాల దగ్గర అత్తయ్యగారి ముందు చదివి ‘పరువు పోతోంది’ అంటారు. ఛానెల్ డబ్బుతోనే ఇంటి ఈఎంఐ కడుతున్నాం. వాళ్లు మారాలంటే ఇంకా మర్యాదగా ఎలా రాయాలి?
– ఒక గృహిణి, రాజమండ్రి

జవాబు: అమ్మా, వాళ్లని మార్చే పని మీది కాదు. ఆ ప్రశ్న వదిలేయండి.

‘గోంగూర మగ్గలేదు, నూనె ఎక్కువైంది’ అని దురుసుగా రాసినా అతను మాట్లాడింది వంట గురించే. అతనికి గారు పెట్టి, ఒక్కసారి, రెండు వాక్యాల్లో చెప్పండి. మీ ఒంటి గురించి రాసినవాడికి ఒక్క అక్షరం కూడా వద్దు. మీ జవాబు, దాని కింద మీ అభిమానుల జవాబులు చేరేకొద్దీ ఆ పాడు కామెంటే పైకొచ్చి కూర్చుంటుంది.

తొలగించే ముందు ఆధారం దాచుకోండి. కామెంట్ పక్కనున్న సమయం మీద నొక్కితే దాని లింకు వస్తుంది. లింకు, ఐడీ, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, అప్పుడు ఆ మనిషిని ఛానెల్ నుంచి హైడ్ చేయండి. అతనికి కబురు వెళ్లదు. రాసుకుంటూనే ఉంటాడు, ఎవరికీ కనబడదు. యూట్యూబ్ స్టూడియో (ఛానెల్ నడిపేవాళ్ల పేజీ) సెట్టింగ్స్‌లో బ్లాక్ చేసే పదాల జాబితా ఉంటుంది. చాలామంది తిట్లను తెలుగు లిపిలోనే వేసి ఊరుకుంటారు. మనవాళ్లు ఎక్కువగా తిట్టేది ఇంగ్లీషు అక్షరాల్లో. కాబట్టి ఒక్కో తిట్టుకీ మూడు నాలుగు స్పెల్లింగులు వేయండి. ఆ పదాలున్నందుకు ఆగిన కామెంట్లు 60 రోజుల దాకా అక్కడే ఉంటాయి, వారానికి రెండుసార్లు పగటిపూట చూసుకుంటే చాలు. బూతులు, బెదిరింపులు వస్తే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఆడవాళ్లను కించపరిచే మాటలకు భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ ఉంది.

ఇవన్నీ చేసినా అవే మాటలు రాత్రి మీ ఆయన నోట వింటారు. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం అదే. ముక్కూమొహం తెలియనివాడు రాసింది తల్లి ముందు పైకి చదవడమంటే తనూ అన్నట్టే. ఆ డబ్బుతో వాయిదా కట్టుకోవచ్చు గానీ, ఆ పని చేస్తే పరువు పోతుందా? ఇంట్లో మీ వైపు మాట్లాడేవాళ్లు లేకనే, అర్ధరాత్రి ఊరివాళ్ల ముందు మంచిదాన్ననిపించుకోవాలని తాపత్రయపడుతున్నారని నాకనిపిస్తోంది.

ఆదివారం పొద్దున, అత్తగారు లేనప్పుడు చెప్పండి: ‘ఆ కామెంట్లు ఇకమీదట నాకు వినిపించకండి. ఛానెల్ వద్దనుకుంటే, ఈఎంఐ ఎలా కడదామో ఇప్పుడే కూర్చుని లెక్క వేద్దాం.’ ఏడవద్దు, బతిమాలొద్దు. మళ్లీ చదివితే, గొడవ పెట్టుకోకుండా కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి తినండి. అత్తగారికి మీరే కూర్చోబెట్టి ఒక వీడియో మొత్తం చూపించండి. ఆవిడకి ఇప్పటిదాకా తిట్లే చేరాయి, వంట చేరలేదు.

యాడ్‌సెన్స్ డబ్బు, అంటే ప్రకటనల మీద గూగుల్ ఇచ్చేది, ఎవరి ఖాతాలో పడుతోందో రాయలేదు. ఆయన ఖాతాలో అయితే మీ పేరున ఖాతా తెరిచి, 20వ తేదీలోపు మార్చుకోండి. ఆ నెల చెల్లింపు 21, 26 తేదీల మధ్య వస్తుంది. వాయిదా మీ చేత్తో కట్టండి.