కటిల్‌ఫిష్‌కి పేరు రాసే ముందు

విశాఖపట్నం

అమ్ములూ,

పెదమామయ్య ఆశీస్సులు. జూన్ 15న వేట నిషేధం ఎత్తేయగానే హార్బరుకి వెళ్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. చేపల్ని వదిలి, జాతులు గుర్తించడానికి కటిల్‌ఫిష్‌లు, స్క్విడ్‌లు ఎంచుకున్నందుకు సంతోషం. పేరుకి ఫిష్ అన్నా ఇవి చేపలు కావు, ఆక్టోపస్‌కి చుట్టాలు. వీటి జోలికొచ్చేవాళ్లు తక్కువ.

ముందు ఈ కుటుంబంలో పెద్ద కొమ్మలు తేల్చుకో. పైన గట్టి గుల్ల మోసే నాటిలస్ ఒకవైపు, తక్కినవన్నీ ఇంకోవైపు. వాటిలో ఆక్టోపస్‌కి ఎనిమిది చేతులే. కటిల్‌ఫిష్, స్క్విడ్, పొట్టిగా గుండ్రంగా ఉండే బాబ్‌టెయిల్ లాంటివాటికి ఎరని పట్టే ఇంకో రెండు పొడుగాటి టెంటకిల్స్ ఉంటాయి. కటిల్‌ఫిష్‌లో ఆ రెండూ కళ్ల దిగువన సంచుల్లోకి ముడుచుకుపోతాయి, లెక్కపెడితే ఎనిమిదే వస్తాయి. ఫోర్సెప్స్‌తో బయటికి లాగు. తర్వాత వీపు కోసి చూడు. స్క్విడ్‌లో పెన్ అనే పల్చటి గాజులాంటి పట్టీ ఉంటుంది, కటిల్‌ఫిష్‌లో సున్నపు ఎముక. మూలికల కొట్లో సముద్రపు నురుగని అమ్మేది ఇదే.

ఇక జాతి దగ్గరికొస్తే, రంగుని నమ్మకు. బతికుండగానే క్షణానికో రంగు మార్చేది ఐసులో పడ్డాక ఏం చెబుతుంది? టెంటకిల్ చివరి వెడల్పు భాగాన్ని లెన్స్ కింద పెట్టు. అక్కడ అంటుకునే చిన్న గిన్నెల్లాంటి చూషకాలుంటాయి. నడిమి చూషకాలు కొన్ని బాగా పెద్దవైతే సెపియా ఫరవోనిస్. అన్నీ చిన్నవే, దాదాపు ఒకే సైజు, అడ్డవరసకి పదికి తగ్గకుండా ఉంటే సెపియా అక్యూలియేటా. ఎముక వెనుక కొసన ముల్లు లేకుండా, ఒంటి చివర రెక్కల మధ్య గ్రంథి రంధ్రం ఉంటే సెపియెల్లా ఇనర్మిస్. అందులోంచి గోధుమరంగు ద్రవం ఊరుతుంది, మంచి బట్టలతో దగ్గరికి పోకు. ముల్లు లేదని రాసే ముందు విరిగిన మొదలు ఉందేమో వేలితో తడుము. వలలో, బుట్టల్లో పడి అది తేలిగ్గా విరిగిపోతుంది.

పేర్ల గొడవ ఒకటుంది. ఫరవోనిస్ అని ఎహ్రెన్‌బర్గ్ 1831లో పెట్టాడు. ఎర్రసముద్రం నుంచి ఆస్ట్రేలియా దాకా ఆ ఒక్క పేరుతోనే పిలిచాం. డీఎన్ఏ చూస్తే అందులో ఒకటికి మించి జాతులున్నట్టు తేలింది. ఈమధ్య సెపియా ప్రజాతినే (దగ్గరి జాతుల గుంపుని) ముక్కలు చేసి, దీన్ని అకాంతోసెపియాన్ అనే ప్రజాతిలో చేర్చారు. నాకైతే ఆ విభజన సబబుగానే ఉంది. అయినా కొత్త పేరు పక్కన పాతదీ రాయి, హార్బరు లెక్కలన్నీ పాత పేరుమీదే ఉన్నాయి.

రేపు ఇంకెవరో ఈ పేరూ మారుస్తారు. అప్పుడు నీ నమూనా తీసి మళ్లీ చూడాలంటే అది సరిగ్గా ఉండాలి కదా. నమూనా కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేయకముందే చిన్న కండ ముక్క కోసి 95 శాతం ఆల్కహాల్‌లో వెయ్యి, ఫార్మలిన్ తగిలాక డీఎన్ఏ తీయడం మహా కష్టం. ఆ ముక్క దాని కుడి చేతినుంచే తియ్యి. మగదాన్ని పట్టిచ్చేది కింది ఎడమ చేతిమీద మారిన చూషకాలే, దాన్ని కోసుకుంటే గుర్తు పోయినట్టే. ఫార్మలిన్ పులిస్తే ఎముకని తినేస్తుంది. కాస్త బోరాక్స్ కలుపు, లేదా ఎముక విడిగా తీసి కడిగి ఆరబెట్టు. లేబుల్ పెన్సిల్‌తోనే రాయి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. తేదీతోపాటు ఎంత లోతులో వల వేశారో బోటు డ్రైవరుని అడిగి రాయి. వేలం హడావిడిలో అడగకు, విసుక్కుంటాడు. సరుకు పోయాక టీ తాగుతుంటాడు, అప్పుడు అడుగు.

నా డిసెక్షన్ పెట్టె మీ నాన్నతో పంపిస్తున్నాను. కత్తెర మొద్దుబారింది, సానబెట్టించుకో.

పెదమామయ్య