పద్నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉండడం

గుంటూరు

చిన్నీకి,

ప్రభువు నామంలో పెద్దమ్మ దీవెనలు.

బిడ్డ కోసం వైద్యం చేయించుకున్నావు, కడుపు నిలిచిందో లేదో తెలియడానికి పద్నాలుగు రోజులు ఆగాలి. నిన్న రాత్రి ఫోన్లో "ఇంకా పదకొండు రోజులు పెద్దమ్మా, పొద్దు గడవట్లేదు" అన్నావు. ఆ తర్వాత నీకు మాట రాలేదు, నాకూ రాలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు పనికొచ్చే మాటలు. డాక్టరమ్మ రక్తపరీక్షకు చెప్పిన రోజు దాకా ఇంట్లో కిట్ పెట్టి చూడకు. తొందరపడితే ఉన్నది లేనట్టు చూపించవచ్చు, ఇంజక్షన్ల వల్ల లేనిది ఉన్నట్టూ చూపించవచ్చు. రెండూ నిన్ను నలిపేస్తాయి. కాస్త రక్తపు మరక కనబడినా సొంతంగా మందులు ఆపకు, ఆసుపత్రికి ఫోన్ చేసి అడుగు. ఇంకొకటి. మీ సంఘంలో ఎవరో మూడు రోజులు ఉపవాసం ఉండమన్నారట. వద్దు తల్లీ. మందులు వేసుకునే ఒంటికి అన్నం కావాలి. ఆ ఉపవాసం నేనుంటాను, నువ్వు తిను.

బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం మళ్లీ చదువు. బిడ్డల్లేని హన్నా మందిరంలో ఎంత ఏడ్చిందంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. ఆ తర్వాత ఆమె లేచి వెళ్లి భోజనం చేసింది. ఆ రోజు నుంచి ఆమె ముఖంలో దుఃఖం లేదని రాసి ఉంది. అప్పటికింకా కడుపు పండలేదు. ఏలీ పలికిన దీవెన తప్ప ఆమె దగ్గర ఇంకేమీ లేదు. నేను నలభై ఏళ్లుగా ఆ వచనం దగ్గర ఆగిపోతున్నాను. ఆమె బిడ్డ పుట్టాక తినలేదు, ముందే తినింది.

ఇరవై ఏడో కీర్తన చివర్లో "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము" అని ఉంటుంది కదా. కనిపెట్టుకుని ఉండడమంటే గుమ్మంలో కూర్చుని దారి చూడడమే అనుకునేదాన్ని. కానీ "పొయ్యి మీద పాలు కాస్త కనిపెట్టుకుని ఉండవే" అని మీ అమ్మమ్మ అనేది. అంటే చూసుకోమని. పక్కనుండి, చెయ్యి వేయాల్సినప్పుడు వేయమని.

మీ తాతయ్య ప్రత్తిపాడు దగ్గర మన ఊళ్లో మిరప వేసేవాడు. కాయ కోశాక కల్లంలో ఎండాలి. సాయంత్రమయ్యేసరికి కుప్ప చేసి పట్టా కప్పేవాడు, పొద్దున మంచు ఆరాక తీసి మళ్లీ పల్చగా పరిచేవాడు. రాత్రిళ్లు అక్కడే మంచం వేసుకుని పడుకునేవాడు. నేను అన్నం క్యారేజీ పట్టుకెళితే, ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి నా చెవి దగ్గరా ఆడించేవాడు. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. చప్పుడు లేకపోతే కాయ పక్కన పెట్టి, కూర్చుని తాలు కాయలు ఏరుకునేవాడు. ఎండ ఆయన చేతిలో లేదు. ఒక ఏడాది ధర బాగుందని పక్క కల్లం వాళ్లు పచ్చి ఆరకముందే బస్తాలకెత్తారు. లోపలంతా బూజు పట్టింది. ఆ బస్తాలు విప్పినప్పుడు వచ్చిన వాసన నాకింకా గుర్తే.

ఈ పదకొండు రోజులు నీ చేతిలో ఉన్న పని అంతే. వేళకు మాత్ర, వేళకు అన్నం, పడుకోమని డాక్టరమ్మ చెప్పకపోతే ఇంట్లో మామూలుగా తిరగడం. అల్లుడి ముఖం కూడా ఒకసారి చూడు. అతనూ లోపల టెన్షన్ పడుతున్నాడు, మగాడు కాబట్టి చెప్పడు.

ఇక ఇన్నాళ్లూ నీకు చెప్పనిది. గుడిలో సాక్ష్యం చెప్పేది దొరికినవాళ్లే. నాకు దొరకలేదు కాబట్టి నన్నెవరూ పిలవలేదు, ఇది నా సాక్ష్యం అనుకో. పెళ్లయ్యాక పదకొండేళ్లు బిడ్డ కోసం కనిపెట్టుకుని ఉన్నాను. ఒక బోధకుడు నా విశ్వాసం చాలలేదని పదిమందిలో అన్నాడు. ఆ మాట నిజం కాదని నమ్మడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నీతో ఎవరైనా అలా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయ్. ఆ కీర్తనలో "బిడ్డ కొరకు" అని లేదు, "యెహోవా కొరకు" అని ఉంది. బిడ్డను అడగడం తప్పు కాదు, నేను గొంతు పోయేలా అడిగాను. రాలేదు. నేను ఎవరిని అడిగానో ఆ ప్రభువును మాత్రం పోగొట్టుకోలేదు. ఆ రోజుల్లో ఫ్లానెల్ గుడ్డతో కుట్టి పెట్టెలో దాచుకున్న జుబ్బా ఒకటి ఉండేది. నువ్వు పుట్టినప్పుడు నీకే తొడిగాను. మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు, అది బజార్లో కొన్నదనుకుంటుంది.

నువ్వు పుట్టిన కుగ్లర్ ఆసుపత్రి ఉంది చూశావా, అన్నా కుగ్లర్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చినప్పుడు మిషన్ ఆమెను వైద్యానికి పంపలేదు, ఆడవాళ్ల మధ్య మామూలు మిషనరీ పనికే పంపింది. ఆసుపత్రి లేచేసరికి పదేళ్లు దాటింది. అందాకా ఆమె చేతులు కట్టుకుని కూర్చోలేదు, వచ్చినవాళ్లకు మందు ఇస్తూనే ఉంది. నిన్ను ఎత్తుకుని ఆ మెట్లు దిగుతూ నేను ఆమెనే తలచుకున్నాను.

రిపోర్టు రోజున పొద్దున్నే బండెక్కి బెజవాడ వచ్చేస్తాను. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి చేసి తెస్తాను. ఫోన్ మోగేలోపే ముగ్గురం కూర్చుని తిందాం. అల్లుడికి చెప్పు, ఆ పూట బయట నుంచి ఏమీ తేవద్దని.

మీ పెద్దమ్మ