అమ్మ అందరికీ వండిపెడుతోంది.. తాను తినడం లేదు!

ప్రశ్న: మాది కడప జిల్లా. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఐదు నెలల క్రితం నాన్న గుండెపోటుతో పోయారు. అమ్మను మా దగ్గరికే తెచ్చుకున్నాం. ఆమెకు 61 ఏళ్లు. పదేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతోంది. నాలుగింటికే లేచి పూజ, తర్వాత రోజంతా వంట. ఆదివారం నాన్నకిష్టమని ఉగ్గాని, బజ్జీ చేస్తుంది. మాకు పెట్టి తాను రెండు ముద్దలతో లేస్తుంది. సోమ, శనివారాలు ఒక్కపొద్దు. పోయిన శనివారం చెమటలు పట్టి, కళ్లు తిరిగి వంటగదిలో కూలబడింది. డాక్టర్ దగ్గరికి వెళదామంటే ‘దేవుడున్నాడు, నాకేం కాదు’ అంటోంది. పూజలు తగ్గించమని చెప్పాలా?
- ఓ పాఠకురాలు

జవాబు: ముందు శనివారం సంగతి. మీరు రాసినదాన్ని బట్టి షుగర్ పడిపోయి ఉండొచ్చు. గ్లిమిపిరైడ్ క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదల చేయించే మందు. కడుపులో అన్నం లేకపోయినా అది పని చేస్తూనే ఉంటుంది. మళ్లీ అలా అయితే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. మీటర్ అందుబాటులో లేకపోతే వెతుక్కుంటూ కూర్చోవద్దు, చక్కెర నీళ్లు ఇచ్చేయండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవారిలో గుండెజబ్బు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండా చెమటలతోనే బయటపడుతుంది. కాబట్టి ఈసీజీ కూడా తీయించండి.

పూజలు తగ్గించమని మాత్రం చెప్పకండి. ఇన్నేళ్లు తోడున్న మనిషి పోయాక తెల్లారితే లేవడానికి ఆమెకు మిగిలిన కారణం ఆ దీపమే కావచ్చు. పారాయణ చేసేటప్పుడు శ్వాస నెమ్మదిస్తుంది. జపమాల ప్రార్థన, మంత్రజపం చేస్తున్నప్పుడు శ్వాస నిమిషానికి దాదాపు 6 సార్లకు తగ్గుతుందని, గుండె లయకు అది మేలు చేస్తుందని ఇటలీ పరిశోధకులు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అయితే ఒకటి కనుక్కోండి. నాలుగింటికి అలవాటుగా లేస్తున్నారా, లేక రెండింటి నుంచే నిద్రపట్టక దొర్లుతున్నారా? రెండోదైతే డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

ఒక్కపొద్దు ఇప్పటికి ఆపించండి. మీరు చెబితే వినకపోవచ్చు. ‘ఆతురే నియమో నాస్తి’, అంటే జబ్బు మనిషికి నియమాలు లేవని గుడిలో పూజారిగారి చేత చెప్పించండి. నా దగ్గరికొచ్చే ఇద్దరు ముగ్గురు పెద్దావిడలు అలాగే విన్నారు. వయ్యాలికావల్‌లోని తితిదే గుడి మీకు దూరమే, అయినా ఒక శనివారం టిఫిన్ తినిపించి తీసుకెళ్లండి. ఊళ్లో అయితే గడప దాటితే పలకరించేవాళ్లు ఉంటారు. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో భాష రాక, తలుపు మూసుకుని ఉండటం ఆమెకు ఇంకా కష్టం.

ఇక ఆదివారం ఉగ్గాని. అది చదివి కాసేపు ఆగిపోయాను. మీ అమ్మగారు నాన్నగారి గురించి మాట్లాడుతున్నది ఆ గిన్నెతోనే. ఈసారి బొరుగులు నానబెట్టి పిండుతున్నప్పుడు పక్కన నిలబడండి. నాన్నకు కారం ఎంత వేసేవాళ్లో, బజ్జీ ఎన్ని తినేవారో అడగండి. ఏడుస్తారేమో, ఏడవనివ్వండి. ఆ తర్వాత ఆమె వడ్డించడం ఆపి, మీరే ఆమెకు పెట్టి, ఎదురుగా కూర్చుని తినండి. అల్లుడుగారు, పిల్లలు కూడా ‘అమ్మమ్మ కూర్చుంటేనే మేం తింటాం’ అనాలి. బొరుగులు షుగర్‌ను త్వరగా పెంచుతాయి కాబట్టి కొంచెమే పెట్టి, పప్పులపొడి దండిగా చల్లండి. మిగతా రోజుల్లో చిన్న ముద్ద సంగటి, ఆకుకూర పప్పు, మజ్జిగ చాలు. పూటపూటకూ సమయానికి తినడం ముఖ్యం.

ఐదు నెలలకు దుఃఖం ఉండటం సహజం. అది అలలా వచ్చిపోతుంది, మధ్యలో మనవల్ని చూసి నవ్వు వస్తుంది. రెండు వారాలు దాటి రోజంతా దిగులే ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బరువు తగ్గుతున్నా డిప్రెషన్ అని అనుమానించాలి. ‘నేనెందుకు బతకాలి’ అంటే ఆరోజే చూపించండి. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు, అడగండి. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్లోనే, హోసూరు రోడ్డులో ఉంది. అంత దూరం రానంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 కూడా చూపించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. నీరసం, దిగులు దానివల్ల కూడా వస్తాయి.

ఈ పరీక్షలు వారంలో చేయించినా ఫర్వాలేదు. మాత్ర విషయం మాత్రం వచ్చే సోమవారం లోపే మీ డాక్టర్‌తో తేల్చుకోండి. సొంతంగా ఆపొద్దు. సరిగా తినడం లేదని, పోయిన శనివారం ఇలా అయిందని చెబితే డోసు మారుస్తారు.