రఘువీరారెడ్డి గారి రాజకీయ జీవితం ఎలా సాగింది? ఇప్పుడెందుకు పెద్దగా కనిపించరు?

మాది మడకశిర పక్క పల్లె. ఆయన సొంతూరు నీలకంఠాపురం మాకు దూరమేం కాదు. కాబట్టి ఇది కొంత మా ఇంటి కథ కూడా.

ముందు ఒక అపోహ. పేరు చివర రెడ్డి ఉందని బయటివాళ్ళు పొరబడతారు గానీ, ఆయన యాదవులు. మా వైపు ఇలాంటి పేర్లు మామూలే.

1989లో కాంగ్రెస్ తరఫున మడకశిర నుంచి మొదటిసారి ఎమ్మెల్యేగా గెలిచారు. తర్వాత 1999, 2004. వై.ఎస్. ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రి అయ్యారు. వాన ముఖం చూడని అనంతపురం జిల్లా, శెనక్కాయ తప్ప వేరే పంట తెలియని రైతులు, అక్కడి మనిషికే ఆ శాఖ! మా ఊళ్ళో ఆశలు మామూలుగా ఉండేవి కాదు. బోర్లకు ఉచిత కరెంటు వచ్చింది. నిజంగా మేలే. కాకపోతే కరెంటు ఉచితం గానీ, కాలిపోయిన మోటారు ఉచితం కాదు కదా.

2008లో కేంద్రం రుణమాఫీ చేసింది. మా నాయన గొర్రెలమ్మైనా సరే గడువులోగా పంట అప్పు కట్టే రకం. ఆయనకు మాఫీ ఏముంటుంది? అలాంటోళ్ళకు రాష్ట్రం తరఫున 5,000 రూపాయలు ఇచ్చారు. "ఎగ్గొట్టినోడికి అప్పు మొత్తం పాయె, కట్టినోడికి ఐదు వేలా!" అని వారం రోజులు సణిగి, ఆ డబ్బుతోనే మోటారు వైండింగ్ చేయించాడు. ఆ ఏడు శెనక్కాయకు రెండు తడులు అందాయి. మంత్రిని తిట్టడం మాత్రం మానలేదు.

2009కి మడకశిర ఎస్సీ రిజర్వుడు అయింది. ఆయన కళ్యాణదుర్గం వెళ్ళి అక్కడా గెలిచారు. కిరణ్ కుమార్ రెడ్డి హయాంలో రెవెన్యూ మంత్రి.

అసలు విషయం 2014. రాష్ట్రం విడిపోయింది, ఆంధ్రలో కాంగ్రెస్ పేరెత్తితే జనం మండిపడుతున్నారు. తోటి నాయకులు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడు ఈయన రాష్ట్ర కాంగ్రెస్ (పీసీసీ) అధ్యక్ష పదవి తీసుకున్నారు. పెనుకొండలో ఓడారు, 2019లో కళ్యాణదుర్గంలోనూ ఓడారు. రెండుసార్లూ పార్టీకి అసెంబ్లీలో ఒక్క సీటు రాలేదు. వేరే పార్టీలోకి పోయుంటే ఇంకోసారి మంత్రి అయ్యేవారని మా ఊరి రచ్చబండ తీర్పు. నాకూ అదే అనిపిస్తుంది. కానీ పోలేదు, అదే ఆయన మీద గౌరవం నిలబెట్టింది.

తర్వాత ఊరు చేరి సేద్యం, గుడి పనులు చూసుకున్నారు. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు తెల్లగడ్డంతో, భార్యను మోపెడ్ మీద ఎక్కించుకుని ఓటేయడానికి వెళ్ళిన ఫొటో ఊరూరా తిరిగింది. బెంగళూరులో నాతో పనిచేసే కన్నడ మిత్రుడు దాన్ని నాకు పంపి, "ఈ తాత ఎవరు, ఎందుకింత హడావిడి?" అని అడిగాడు. మా మాజీ రెవెన్యూ మంత్రి అని రాశాను. నవ్వుతున్న బొమ్మ పంపాడు, నమ్మలేదు. మంత్రిగా ఉన్నప్పటి ఫొటో వెతికి పంపాల్సి వచ్చింది.

రాజకీయం పూర్తిగా వదిలేశారనుకుంటే పొరపాటు. 2023 ఆగస్టులో పార్టీ నిర్ణయాలు తీసుకునే పై స్థాయి కమిటీ, అదే కాంగ్రెస్ వర్కింగ్ కమిటీలోకి తీసుకున్నారు. ఆ వార్త చెబితే మా నాయన అడిగింది ఒకటే: "మళ్ళీ వ్యవసాయం ఇస్తారా?"