మగ్గు పాప చేతికివ్వండి

ప్రశ్న: మా పాపకు రెండేళ్ల మూడు నెలలు. మొన్నమొన్నటిదాకా నీళ్లంటే ప్రాణం, టబ్బులోంచి తీస్తే ఏడ్చేది. ఓ నెల నుంచి అంతా తలకిందులైంది. బాత్రూమ్‌లో నీళ్ల చప్పుడు వింటే చాలు, వెళ్లి మంచం కింద దూరుతోంది. నేనూ మావారూ చెరో చెయ్యి పట్టుకుని ఎలాగో అయిందనిపిస్తున్నాం. తల మీద నీళ్లు పోస్తే ఊపిరి బిగబట్టి ఒకటే ఏడుపు. కొత్త బొమ్మలు కొన్నాం, పాటలు పెట్టాం, లాభం లేదు. స్నానం వేళకి నాకే టెన్షన్ మొదలవుతోంది. ఏం చేయమంటారు?
- ఓ అమ్మ

జవాబు: ముందు ఆ చెరో చెయ్యి పట్టుకోవడం ఆపేయండమ్మా. ఓ వారం స్నానానికి సెలవిచ్చినా కొంపలేం మునగవు. ఈ వయసు పిల్లలకు మట్టీ చెమటా లేని రోజున స్నానం చేయించి తీరాలనేం లేదు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో ముఖం, మెడ, చంకలు, తొడల సందులు తుడిస్తే చాలు. ఈలోగా పాప దేనికి జడుస్తోందో కనిపెట్టండి.

మా మనవడు కూడా ఈ వయసులో ఇలాగే మొండికేశాడు. సబ్బు మార్చాం, షాంపూ మార్చాం. ఒకరోజు టబ్బులో వాడుండగానే నేను అడుగున బిరడా లాగాను. నీళ్లు గిర్రున తిరుగుతూ గుడగుడమని దిగుతున్నాయి. వాడి ప్లాస్టిక్ బాతు కూడా తిరుగుతూ ఆ రంధ్రం దగ్గరికి వెళ్లింది. వీడు గబుక్కున రెండు కాళ్లూ పైకెత్తేసి నా మెడ పట్టుకున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఆ వయసులో తనెంత, ఆ రంధ్రమెంత అనే లెక్క ఉండదు. బాతు పోతుంటే తర్వాత వంతు తనదే అనుకున్నాడు! అప్పట్నుంచి వాణ్ని తీసి, టవల్ చుట్టి, బయటికి తీసుకెళ్లాకే బిరడా లాగేవాళ్లం. మూడు వారాల తర్వాత వాడే తలుపు దగ్గర నిలబడి నీళ్లకి టాటా చెప్పాడు.

మీరు రాసినదాన్ని బట్టి మీ పాప పేచీ తల దగ్గరే ఉన్నట్టుంది. పైనుంచి ఎప్పుడు పడతాయో తెలియని నీళ్లు కళ్లలోకీ ముక్కులోకీ పోతే పెద్దవాళ్లకే చిరాకు. కాబట్టి కొన్నాళ్లు మగ్గు పాపకే ఇవ్వండి. మొదట బొమ్మకి తలంటమనండి, తర్వాత మీ చేతి మీద, ధైర్యం ఉంటే మీ తల మీద కూడా పోయనివ్వండి. (జుట్టు తడుస్తుంది, తప్పదు.) తన వంతు వచ్చినప్పుడు పైకి చూసేలా సీలింగ్‌కి తనకిష్టమైన బొమ్మ ఒకటి అతికించండి. మడతపెట్టిన పొడి గుడ్డ తన చేతికే ఇచ్చి నుదుటి మీద అదిమి పట్టుకోమనండి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, వెనకవైపు నుంచి నెమ్మదిగా పోయండి. 'ఇంకొక్క మగ్గే' అన్నారా, అక్కడితో ఆపేయాలి. నురగ మిగిలిందని రెండోది పోస్తే మీ లెక్కని మళ్లీ నమ్మదు.

నీళ్ల వేడి మోచేత్తో చూడండి. అరచేయి వేడికి అలవాటు పడిపోయి ఉంటుంది. 37, 38 డిగ్రీలు చాలు, అంటే మోచేతికి వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. టబ్బులో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పోసి బాగా కలిపాకే పాపని దించండి. సబ్బు ఆఖర్న. ముందే రాస్తే ఆ సబ్బునీళ్లలోనే కూర్చుని ఆడుతుంది, ఒళ్లు పొడిబారి దురద పెడుతుంది.

డైపర్ దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయిందేమో కూడా ఒకసారి చూడండి, నీళ్లు తగిలితే మంట పుడుతుంది. జ్వరం ఉన్నా, చెవి ముట్టుకోనివ్వకపోయినా డాక్టర్‌కి చూపించండి.

బొమ్మలకి ఇక డబ్బు తగలేయకండి. నొక్కితే నీళ్లు చిమ్మే వాటి లోపల బూజు పడుతుంది కూడా. ఓ జల్లెడ, రెండు కప్పులు ఇచ్చి చూడండి. అలాగే 'స్నానం చేద్దామా?' అని మాత్రం అడగొద్దు, జవాబు మీకు తెలిసిందే. 'జల్లెడ నువ్వు తెస్తావా, నన్ను తెమ్మంటావా?' అనండి.

పాప మళ్లీ ఆటలో పడ్డాక 'ఒక్క నిమిషమే కదా' అని మీరు పక్కకి వెళ్లొద్దు. రెండు అంగుళాల నీళ్లు చాలు ప్రమాదానికి, చప్పుడు కూడా రాదు. టవల్, బట్టలు ముందే చేతికందేలా పెట్టుకోండి. కాలింగ్ బెల్ మోగిందా, పాపని టవల్‌లో చుట్టి ఎత్తుకుని వెళ్లండి. లేదంటే మోగనివ్వండి.