వాహన సందేహాలు: రోజూ రోడ్డెక్కే మజిల్ కారుకు ఏ క్లచ్?

ప్రశ్న: నా దగ్గర 1991 నాటి మస్టాంగ్ జీటీ ఉంది, 5.0 లీటర్ల వీ8 ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్. పాత యజమాని ఎగ్జాస్ట్ హెడర్లు, ఇన్‌టేక్ మార్పించారు. డైనో (ఇంజన్ బలాన్ని కొలిచే యంత్రం) మీద చూపిస్తే చక్రాల దగ్గర 275 పౌండ్-ఫుట్ల టార్క్ (తిప్పే బలం) వచ్చింది. నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ వేగం పెరుగుతోంది గానీ కారు వేగం పెరగడం లేదు. షాపువాళ్లు సిరామిక్ ముక్కలున్న ‘స్టేజ్ 3’ క్లచ్ వేయించుకోమంటున్నారు. ఆఫీసుకు రోజూ ఈ కారులోనే వెళ్తాను, సగం దారి ట్రాఫిక్కే. వాళ్లు చెప్పినది వేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: వద్దు. మీ వాడకానికి సరిపోయేది ఆర్గానిక్ లైనింగ్ (మామూలు కార్లలో వాడే మెత్తని రాపిడి పొర) ఉన్న 10.5 అంగుళాల సింగిల్ ప్లేటు క్లచ్. ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు, అంటే ఇంజన్ వెనుక తిరిగే బరువైన చక్రానికి, అదిమేది) మాత్రం కంపెనీ ఇచ్చిన దానికంటే కాస్త బలమైనది తీసుకోండి. అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు పాత క్లచ్ ఎందుకు జారుతోందో తేల్చుకోవడం అవసరం. ఇంజన్ వెనుక సీలు కారి లైనింగ్ ఆయిలుతో తడిసి ఉంటే, ఆ సీలు మార్చకుండా ఎంత ఖరీదైన క్లచ్ వేసినా కొద్ది నెలల్లో అదీ జారుతుంది. మీ కారులో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది కనుక, పాత యజమాని విడిగా అడ్జస్టర్ పెట్టించి దాన్ని అతిగా బిగించారేమో కూడా చూడాలి. అలా బిగిస్తే పెడల్ మీద నుంచి కాలు తీసినా ప్రెషర్ ప్లేటు క్లచ్ ప్లేటును పూర్తిగా నొక్కదు, లైనింగ్ బాగున్నా క్లచ్ జారుతుంది.

ఈ రెండూ సరిగ్గానే ఉంటే అప్పుడు లెక్కలోకి వద్దాం. చక్రాల దగ్గర కొలిచిన టార్క్‌లో, గేర్ బాక్సులోనూ వెనుక యాక్సిల్‌లోనూ పోయిన సుమారు 15 శాతం కలిసి ఉండదు. దాన్ని కలిపితే మీ ఇంజన్ క్లచ్‌కు అందిస్తున్నది దాదాపు 325 పౌండ్-ఫుట్లు. దాని మీద నాలుగో వంతు వెసులుబాటు ఉంచుకుంటే 400 పౌండ్-ఫుట్ల సామర్థ్యం చాలు. బేరం చేసేటప్పుడు అడగవలసినది ఈ అంకెనే, స్టేజ్ నంబరును కాదు. ‘స్టేజ్’ అన్నదానికి తయారీదారులందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు కాబట్టి, ఒకరి రెండో స్టేజ్ మరొకరి మూడో స్టేజ్ కంటే బలంగా ఉండవచ్చు.

క్లచ్ ఎంత టార్క్‌ను పట్టగలదన్నది నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది: రాపిడి ముఖాల సంఖ్య, ప్లేటు వ్యాసార్థం, ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, లైనింగ్‌కు ఉన్న పట్టు. సింగిల్ ప్లేటు క్లచ్‌లో ముఖాలు రెండే. మీ ఫ్లైవీల్‌ను బట్టి వ్యాసార్థం కూడా ముందే ఖాయమైపోయింది. ఇక పెంచగలిగినవి మిగతా రెండే: నొక్కే బలం పెంచితే పెడల్ బరువెక్కి ఆ భారం కాలి మీద పడుతుంది, లైనింగ్ పట్టు పెంచితే కారు కుదుపుతో కదులుతుంది. మీకు సూచించిన సిరామిక్ క్లచ్‌తో వచ్చే చిక్కు ఈ రెండో రకానిది.

షాపులో ఆర్గానిక్ ప్లేటు ఒకటి, సిరామిక్ ముక్కల ప్లేటు ఒకటి అడిగి తీసుకుని అంచు వైపు నుంచి చూడండి. ఆర్గానిక్ ప్లేటులో రెండు లైనింగుల మధ్య అలలాగా వంపులు తిరిగిన పలుచని స్ప్రింగ్ రేకు కనిపిస్తుంది. దాన్ని మార్సెల్ అంటారు. పెడల్ వదులుతున్నప్పుడు ఆ రేకు కొద్దికొద్దిగా అణుగుతూ పట్టును క్రమంగా పెంచుతుంది. సిరామిక్ ముక్కలను ఎక్కువగా గట్టి రేకు మీదే బిగిస్తారు కాబట్టి ఆ మెత్తదనం ఉండదు, క్లచ్ పట్టడమో వదలడమో తప్ప మధ్య స్థితి దాదాపు దొరకదు. డ్రాగ్ రేసులో అది సుగుణమే. సిగ్నల్ దగ్గర గజం గజం ముందుకు జరిగేవారికి మాత్రం ప్రతిసారీ వణుకు తప్పదు, ఫ్లైవీల్ ముఖం కూడా త్వరగా అరుగుతుంది. కెవ్లార్ లైనింగ్ మెత్తగా పట్టి చాలాకాలం మన్నుతుంది. కానీ ఒకసారి బాగా వేడెక్కితే నున్నబడిపోతుందన్న భయంతో ట్రాఫిక్ కారుకు నేను సూచించను.

షాపువాళ్లు సాధారణంగా చెప్పని విషయం ఇంకొకటి ఉంది. మీ కారులోని టీ-5 గేర్ బాక్సు సుమారు 300 పౌండ్-ఫుట్ల టార్క్‌ను తట్టుకునేలా తయారైనది, మీ ఇంజన్ ఇప్పటికే ఆ హద్దు దాటింది. గట్టిగా లాగించినప్పుడు క్లచ్ కొద్దిగా జారి ఆ అదురును తాను భరిస్తే గేర్ల పళ్లు బతుకుతాయి. ఏమాత్రం జారని క్లచ్, మంచి పట్టున్న టైర్లు కలిసినప్పుడు ఆ దెబ్బంతా రెండో, మూడో గేర్ల మీద పడుతుంది. గేర్ బాక్సు మార్చే ఉద్దేశం లేనివారు ఏమాత్రం జారని మొండి క్లచ్‌ను తెచ్చుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

కొనేటప్పుడు ప్లేటు మధ్యలో 10 గాళ్లు, 1 1/16 అంగుళాల షాఫ్ట్‌కు సరిపోయే రంధ్రం ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఫ్లైవీల్ మార్చవలసి వస్తే 157 పళ్లది, 50 ఔన్సుల బ్యాలెన్సుది తీసుకోండి. 1970ల నాటి 302 (ఘనపు అంగుళాల, అంటే ఇదే 5.0 లీటర్ల) ఇంజన్లకు వాడే 28 ఔన్సులది చూడటానికి అలాగే ఉంటుంది, అమరుతుంది కూడా, కానీ బిగించి స్టార్ట్ చేయగానే ఇంజన్ విపరీతంగా వణుకుతుంది. తేలికైన అల్యూమినియం ఫ్లైవీల్ జోలికి వెళ్లకండి. మీ కారు వెనుక యాక్సిల్ నిష్పత్తి 2.73 గానీ 3.08 గానీ అయితే కారును కదిలించడానికే క్లచ్‌ను ఎక్కువసేపు జార్చవలసి వస్తుంది, అప్పుడు ఆదుకునేది బరువైన ఉక్కు ఫ్లైవీల్ తిరుగుడే. పాత ఫ్లైవీల్‌నే ఉంచుకుంటే దాని ముఖాన్ని తప్పనిసరిగా మెషీన్ చేయించండి. పెడల్ పైభాగాన కేబుల్‌ను లాగే పళ్ల ప్లాస్టిక్ ముక్క (క్వాడ్రంట్) బలమైన ప్రెషర్ ప్లేటుకు తట్టుకోలేక విరుగుతుంది కాబట్టి, అదే పనిలో పనిగా అల్యూమినియం క్వాడ్రంట్, కొత్త కేబుల్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ వేయించండి.

క్లచ్ వేసిన తర్వాత మొదటి 500 మైళ్లు ఊళ్లోనే ఆగుతూ, కదులుతూ నడపండి. లైనింగ్ కుదురుకోవడానికి క్లచ్ ఎన్నిసార్లు పట్టి వదిలిందన్నదే లెక్క. హైవే మీద ఆగకుండా నడిపిన మైళ్లు ఆ లెక్కలోకి రావు. ఈ విషయంలో మీ ట్రాఫిక్ మీకు మేలే చేస్తుంది.

ప్రశ్న: నాది 1970 డాడ్జ్ ఛాలెంజర్, 383 ఘనపు అంగుళాల ఇంజన్, నాలుగు గేర్లు. మూడు లీవర్ల పాత ప్రెషర్ ప్లేటు బరువుగా ఉందని డయాఫ్రమ్ (పళ్లెం లాంటి ఒకే స్ప్రింగ్ ఉన్న) రకం వేయించాను. ఇప్పుడు పెడల్ తేలికైంది కానీ, తొక్కితే కిందనే ఉండిపోతోంది. పుస్తకంలో 425 పౌండ్-ఫుట్లని ఉంది, డబుల్ ప్లేటు క్లచ్ అవసరమా?
— ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: లోపం కొత్త క్లచ్‌లో లేదు. పాత మూడు లీవర్ల ప్రెషర్ ప్లేటు బరువును కాలికి తగ్గించడానికి డ్యాష్‌బోర్డు కింద పెడల్‌కు ఒక బలమైన స్ప్రింగ్‌ను కంపెనీయే పెట్టింది. పెడల్ కొంతదూరం దిగాక ఆ స్ప్రింగ్ దాన్ని కిందికే లాగుతుంది. డయాఫ్రమ్ బిగువు పెడల్ చివరికంటా దిగేసరికి తగ్గుతుంది కాబట్టి దానికి ఆ స్ప్రింగ్‌ను గెలిచి పెడల్‌ను పైకి తోసే బలం చాలదు. స్ప్రింగ్ తీయించి, పెడల్ దగ్గర సుమారు అంగుళం ఫ్రీ ప్లే (క్లచ్ కదలకముందు పెడల్ వదులుగా దిగే దూరం) ఉండేలా రాడ్‌ను సర్దించండి.

డబుల్ ప్లేటు విషయానికి వస్తే, 425 అన్నది ఎయిర్ క్లీనర్, కారుకు బిగించే ఎగ్జాస్ట్ లేకుండా స్టాండు మీద కొలిచిన గ్రాస్ లెక్క. 1971లో ఇదే 383 నాలుగు బ్యారెళ్ల ఇంజన్‌కు కంపెనీ గ్రాస్‌లో 300, నెట్‌లో (అవన్నీ బిగించి కొలిస్తే) 250 హార్స్‌పవర్ అని రెండూ ప్రకటించింది. తేడా ఎంత ఉంటుందో దాన్ని బట్టి ఊహించవచ్చు. మార్పులు చేయని 383కి మంచి సింగిల్ ప్లేటు ధారాళంగా సరిపోతుంది. నాలుగు రాపిడి ముఖాలుండే డబుల్ ప్లేటు తక్కువ ఒత్తిడితోనే ఎక్కువ టార్క్ పట్టగలదు, పెడల్ కూడా తేలికగా ఉంటుంది, కాదనను. కానీ దాని ధర బాగా ఎక్కువ, న్యూట్రల్‌లో కొన్నింటికి గలగల శబ్దం కూడా ఉంటుంది. ఇంజన్‌ను భారీగా మార్పించే రోజున ఆలోచించండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో 2016 మస్టాంగ్ జీటీ కొన్నాను. గేర్లు నెమ్మదిగా మారుతున్నాయి. పర్ఫార్మెన్స్ క్లచ్ వేయించవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మన దేశంలో ఫోర్డ్ అమ్మిన ఆ కారు ఆరు గేర్ల ఆటోమేటిక్. దానికి క్లచ్ పెడల్ లేదు, ఇంజన్‌కూ గేర్ బాక్సుకూ మధ్య ఉండేది ద్రవంతో బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్. అందుచేత పైన చెప్పిన క్లచ్‌లు ఏవీ దానికి పనికిరావు. ముందుగా గేర్ బాక్సు ఆయిలు స్థితిని, కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లను ఆటోమేటిక్ పని తెలిసినవారికి చూపించండి.